తామ్రపర్ణి యొడ్డున పళయకాయలు
(కోవిల్పట్టిలో జరిగిన మన సంఘపు కూటమియందు చదువబడిన ప్రసంగ పాఠము)



మొన్న మేము చేసి వచ్చిన చిన్న యాత్రను గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యవర్గము వారు ఆజ్ఞాపించిరి. యాత్ర యనినంతనే కాశీకో తిరుపతికో పోయితిమని తలంపవలదు. తెల్లవారుజామున కోవిల్పట్టిలో వ్యాను ఎక్కి, ఎట్టయపురము, తూత్తుకుడి దాటి, సముద్రతీరమున నున్న యొక చిన్న పల్లెను, దాని కావల నున్న ముస్లిం పట్టణమును చూచి, రాత్రి భోజనమునకు ఇండ్లు చేరితిమి. అంతియే. వ్యానులో పదునెనమండుగురము, అందు పిల్లలు ఆరుగురు, ఎనుబది యేండ్లు దాటిన అవ్వ ఒకతె. ఆ యవ్వ చెప్పిన కథయు, దానిపై ఒక పిల్ల వేసిన ప్రశ్నయు లేకుండిన యెడల ఈ ప్రసంగము వ్రాయవలసిన పని మాకు తోచియుండదు. దానిని తగిన చోట మనవి చేయుదుము.

ఎట్టయపురము దాటువరకు మన కరిసల్ నేలయే. ప్రత్తి, సజ్జ, మిరప, మినుము. వాన పడినచో కాలు దిగబడును, పడనిచో నేల నోరు తెఱచును. ఆ పిమ్మట నేల రంగు మారును. తూత్తుకుడికి దక్షిణమున ఇరుప్రక్కల ఉప్పుమళ్ళు మొదలగును. ఎండలో ఆ తెల్లదనమును చూడలేక పిల్లలు చేతులు అడ్డము పెట్టుకొనిరి. మన యింట ఊరగాయ జాడీలో పడు ఉప్పు ఇచ్చటినుండియే వచ్చునని చెప్పినపుడు, ఇంత ఉప్పును ఎవరు తిందురని ఒకడు అడిగెను.

పళయకాయలనగా పాత కాయలు అని యర్థము. కాయలనిన తమిళమున సముద్రపు నీరు లోపలికి చొచ్చి నిలిచిన మడువు. తూత్తుకుడినుండి తిరుచెందూరునకు పోవు బాటమీద, తామ్రపర్ణి వంతెన కీవలి వైపున ఆ యూరు కలదు. బస్సు కిటికీలోనుండి చూచువారికి అది కనబడి మాయమగుటకు రెండు నిమిషములు పట్టదు. కొన్ని అంగళ్ళు, ఒక టీకొట్టు, అరటిగెలలు ఎత్తుచున్న లారీ, చర్చి, గుడి, తాటిచెట్లు, వాని వెనుక మరల ఉప్పుమళ్ళు. తామ్రపర్ణి సముద్రములో కలియు చోటునకు ఇది దగ్గర. హైదరాబాదునందలి న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు వారు అణువిద్యుత్తునకు కావలసిన జిర్కోనియమును తయారుచేయు కర్మాగారమును 2009లో ఈ యూరియొద్దనే నెలకొల్పిరి. తెలుగు రాజధానికిని ఈ పల్లెకును ఇట్టి సంబంధ మొకటి యున్నదని మాలో ఒక ఇంజనీరు చెప్పువరకు మాకు తెలియదు.

టీకొట్టు యజమానిని పాత రేవు ఎక్కడ నుండెనని అడిగితిమి. "ఏ రేవు? రేవు తూత్తుకుడిలో గదా, దానిని దాటియే వచ్చినారు" అని యతడు నవ్వెను. బల్లమీద కూర్చున్న ముసలి రైతు మాత్రము, దున్నునపుడు పింగాణీ పెంకులు పైకి వచ్చుట చిన్ననాట చూచితిననియు, వానిని ఏరి గట్టున పారవేయుచుంటిమనియు చెప్పెను. అతనికి అవి రాళ్ళతో సమానము. తప్పు పట్టవలసినది లేదు. నాగలికి అడ్డు వచ్చునది ఏదైనను రాయియే.

ఆ పెంకులు ఎచ్చటివో 19వ శతాబ్దమున తెలిసికొన్నవాడు రాబర్టు కాల్డ్వెల్. నాటి తిరునెల్వేలి జిల్లాలోని ఇడైయన్గుడిలో కాపురముండి, తమిళము, తెలుగు, కన్నడము, మలయాళము ఒక తల్లి బిడ్డలని 1856లో ద్రావిడ భాషల వ్యాకరణము వ్రాసిన పాదరి ఆయనయే. భాషలను త్రవ్విన చేతితోనే ఆయన ఈ నేలనుగూడ త్రవ్వించెను. చీనా దేశపు పింగాణీ ముక్కలు, అరబ్బు దేశపు పాత్రల ముక్కలు పళయకాయలు పరిసరములలో దండిగా దొరకుటను చూచి, వెనిసు నగరపు వర్తకుడు మార్కోపోలో వర్ణించిన కాయలు మహానగరము ఇదియే యని ఆయన తేల్చెను.

మార్కోపోలో ఈ తీరమునకు వచ్చినది 1292-93 ప్రాంతమున. కాయలు గొప్ప నగరమనియు, పాండ్య సోదరులైన యేవురు రాజులలో జ్యేష్ఠుని యధీనమున నున్నదనియు, హోర్ముజు, ఏడెను, అరబ్బు దేశములనుండి వచ్చు ఓడలన్నియు గుఱ్ఱములతో ఇచ్చట ఆగుననియు వ్రాసెను. మరియొక ముచ్చట: ఈ యూరివారు ఎల్లవేళల ఒక ఆకును సున్నముతోను, సుగంధద్రవ్యములతోను కలిపి నమలుదురని ఆయన విస్తుపోయెను. ఆ యాకు నేటికిని ఏటి కవతలి ఆత్తూరునుండి మన పెండ్లిండ్లకు వచ్చుచున్నది. ఆత్తూరు తమలపాకు ఎంత పేరుపడినదో ఈ సభలో ఎవరికిని చెప్పనక్కరలేదు. రాజులు పోయిరి, రేవు పోయినది, తాంబూలము మాత్రము నిలిచినది.

గుఱ్ఱముల మాట కొంచెము విస్తరించి చెప్పవలెను. ఈ దేశపు గాలి గుఱ్ఱమునకు పడదు. మేలుజాతి గుఱ్ఱములు సముద్రముమీదనే రావలెను. పర్షియా చరిత్రకారుడు వస్సాఫు చెప్పిన లెక్క ప్రకారము ఏటికి పదివేల గుఱ్ఱములు ఈ తీరమున దిగుటకు ఒప్పందము. ఒక్కొక్కదాని వెల 220 బంగారు దీనారములు. దారిలో ఓడమీద చచ్చిన గుఱ్ఱమునకుగూడ పాండ్యుడు వెల చెల్లించవలెను! లెక్కలో అతిశయోక్తి కొంత యుండవచ్చును; వర్తకుల లెక్కలు మన విరుదునగర్ వారికి తెలియనివి కావు. కాని పాండ్యుని బొక్కసము ఈ రేవు గుండ సముద్రము దాటుచుండెనని యనుటలో సందేహము లేదు. గుఱ్ఱములను మేపు విధము, లాడములు కొట్టు విధము తెలియక ఇచ్చటివారు వానిని చంపుకొనుచుండిరనియు, ఏటేట మరల కొనుచుండిరనియు మార్కోపోలో వ్రాసెను. వండిన అన్నమును మాంసమును పెట్టుదురట.

ఈ వర్తకమును నడపినవారు అరబ్బు, పర్షియా ముస్లిములు. వారిలో ఒకడు తకీయుద్దీన్ పాండ్య రాజునకు మంత్రియై ఈ రేవుల పెత్తనము చేసెను. వారు ఇచ్చటి స్త్రీలను పెండ్లాడి, ఇచ్చటి భాష నేర్చి, ఇచ్చటనే మట్టిలో కలిసిరి. వారి సంతతియే నేటి మరక్కాయరులు. మరక్కలమనిన కొయ్యఓడ. కుతుబ్నుమా పట్టినవారి మనుమలు తక్కెడ పట్టిరి, వారి మనుమలు తమిళమున కావ్యములు వ్రాసిరి.

అంతటి రేవు ఎట్లు పోయినది? శత్రువు కాల్చలేదు, తుపాను ముంచలేదు. తామ్రపర్ణి ఒండ్రు పూడ్చినది. ఈ నది ఇట్టి పని చేయుట ఇది మొదటిసారి కాదు. గ్రీకు నావికులు ఎఱిగిన పాండ్యుల ముత్యాల రేవు కొఱ్కై పళయకాయలునకు పడమట నున్నది. అదియు ఒండ్రుతో పూడి నేడు సముద్రమునకు మైళ్ళ దూరమున పొలముల నడుమ పల్లెయై యున్నది. కొఱ్కై పూడినపుడు వర్తకము కాయలునకు దిగినది. కాయలు పూడినపుడు ముస్లిములు దక్షిణమున కాయల్పట్టణమునకును, పరవరులు నదీముఖమున పున్నకాయలునకును చేరిరి. ఆ పిమ్మట అంతయు తూత్తుకుడికి పోయినది. ఒక నది నాలుగు పట్టణములను కని, మూటిని తానే మ్రింగినది.

ఇచ్చట మేము మోటుపల్లిని తలంచుకొంటిమి. నేడు బాపట్ల జిల్లాలో చినగంజాము దగ్గఱ అదియు ఒక చిన్న పల్లె. కాకతీయుల కాలమున అదియే తెలుగువారి మహారేవు. గణపతిదేవ చక్రవర్తి 1244లో అచ్చట వేయించిన అభయశాసనము నేటికిని నిలిచియున్నది. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన పరదేశపు ఓడల సరకును పూర్వరాజులు దోచుకొనుచుండగా, తాను న్యాయమైన సుంకము తప్ప మరేమియు తీసికొననని ఆ మహారాజు మాట యిచ్చెను. కాయలునకు వచ్చిన మార్కోపోలో మోటుపల్లినిగూడ వర్ణించి, ఆ దేశమును ఏలిన రాణి న్యాయశీలమును, సాలెపురుగు గూటివంటి సన్నని వస్త్రములను పొగడెను. ఆ రాణి మన రుద్రమదేవియే. ఆమెను రాజు భార్యగా వ్రాయుట ఆయన పొరపాటు, ఆమె గణపతిదేవుని కుమార్తె. మోటుపల్లికి గణపతిదేవుని రాయి మిగిలినది. పళయకాయలునకు ఇట్టి రాయి లేదు. వెనిసువాడు వ్రాసినందున, పర్షియావాడు వ్రాసినందున, తెల్లపాదరి పెంకులు ఏరినందున మనకు అది తెలిసినది. అచ్చటనే పుట్టి పెరిగిన టీకొట్టు యజమానికి తన యూరు ఏమియో పరాయివాడు వచ్చి చెప్పవలసి వచ్చినది.

టీ త్రాగి బయలుదేరితిమి. వ్యాను తామ్రపర్ణి వంతెన ఎక్కినది. ఏటిలో నీరు బాగుగానే యుండెను. పిల్లలు కిటికీలకు చేరిరి. ఏరు కనబడినంతనే అవ్వకు కథ చెప్పవలెనని తోచినది. మీ యిండ్ల యందును చెప్పు కథయే.

"మన పెద్దోళ్ళు తెలుగు సీమనించి వచ్చేటప్పుడు ఇట్లే ఒక యేరు అడ్డమొచ్చె. నిండుగా పోతా ఉండె. వెనకాల గుర్రాల మీద తురకలు తరుముకొని వస్తా ఉండారు. మన ఇంటి పిల్లను అడిగినారు, ఇయ్యమన్నారు, అందుకు రాత్రికి రాత్రి లేచి వచ్చేసినారు. దాటే దారి లేదు. దేవున్ని మొక్కినారు. ఒడ్డున ఉన్న కానుగ చెట్టు వంగి వంతెన అయిపోయె. అందరూ దాటినాక చెట్టు మళ్ళా లేచి నిలబడె. తురకలు ఆ పక్కే నిలిచిపోయినారు."

కథ ముగియుసరికి వ్యాను వంతెన దిగినది. పిల్లలందఱిలో చిన్నది, తొమ్మిదేండ్లది, టీకొట్టువద్ద మేము చెప్పుకొన్న దంతయు వినియున్నదగుటచే, అడిగెను: "అవ్వా, ఆ గుర్రాలు ఈ ఊర్లో దిగినవేనా? ఇప్పుడు మనం పోయేది వాళ్ళ ఊరికేనా?"

అవ్వ మా వైపు చూచినది. మేము ఒకరి నొకరము చూచుకొంటిమి. పది నిమిషములలో కాయల్పట్టణమున మా మిత్రులొకరి యింట మధ్యాహ్న భోజనమునకు దిగవలసియున్నాము.

ఈ ప్రశ్నకు అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోతిమి. ఇంటికి వచ్చి పుస్తకములు తిరుగవేసిన పిమ్మట ఇప్పుడు చెప్పుచున్నాము.

మొదటిది: ఆ కథ మన సొత్తు. దానిని కాదనుటకు మేము లేవలేదు. థర్స్టన్ 1909లో దక్షిణదేశపు కులములను గూర్చి వ్రాసిన గ్రంథమున రాజకంబళము నాయకుల నోట ఇదియే కథను వినియున్నాడు; రెండు గట్లయందలి కానుగ చెట్లు తలలు వంచి కలిసికొన్నవట. మన కోవిల్పట్టి ప్రక్కన ఇడైసేవల్ గ్రామమున పుట్టి 2021లో పరమపదించిన కి. రాజనారాయణన్ గారు 1976లో ప్రకటించిన 'గోపల్ల గ్రామము' నవలకు మూలమును ఇట్టి పలాయన కథయే. మన కథ తమిళమున వ్రాయబడి తమిళ సాహిత్యమునకు కీర్తి తెచ్చినది. ఆ నవలకు తరువాయిగా వచ్చిన గ్రంథమునకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. తెలుగున వ్రాయుటకు మనలో ఎవరికిని చేయి రాలేదనుట వేరొక నాటి మాట. కథను కాపాడినవారికి నమస్కరించుదము.

రెండవది: కథలోని గుఱ్ఱములు కాయలు రేవున దిగినవి కావు. ఉత్తరమునుండి వచ్చిన సేనలు నేలదారిని వచ్చినవి. కాయలున దిగిన గుఱ్ఱములు పాండ్యునివి. అంతేకాదు, 1311లో డిల్లీ సేనాని మాలిక్ కాఫూరు పాండ్యదేశముపై దండెత్తినపుడు, పాండ్యుని సేనలో ఈ దేశపు ముస్లిములు ఉండిరని డిల్లీ ఆస్థానకవి అమీర్ ఖుస్రోయే వ్రాసెను. వారు తమ మతములో సగమే నిలిచిరని ఆయన ఎగతాళి చేసెను. కనుక ఉత్తరపు గుఱ్ఱములు వచ్చినపుడు ఈ తీరపు ముస్లిము ఏటి కీవలి గట్టుననే నిలిచియుండెను. తరువాతి కాలమున విజయనగర రాయల అశ్వదళమునకు గుఱ్ఱములను తెచ్చినవారును అరబ్బు వర్తకులు, ఆ పిమ్మట పోర్చుగీసువారు. మన పెద్దలు ఏ గుఱ్ఱముల నెక్కి ఈ సీమకు పాలెగాండ్రై వచ్చిరో, ఆ గుఱ్ఱములును ఎవరో ఒకరు సముద్రముమీద తెచ్చినవే.

మూడవది చెప్పుటకు కొంచెము సంకోచముగా నున్నది. ఐనను ఇది మన కూటమి, మనవారి నడుమ చెప్పక మరెచ్చట చెప్పుదుము?

ఈ తీరమునకుగూడ ఒక పలాయన కథ కలదు. అందు తరిమినవారు మనము. ముత్యములకై సముద్రములో మునుగు పరవరులు 1535-37 నడుమ పోర్చుగీసువారి రక్షణ గోరి క్రైస్తవులైరి. వారి నడుమ పనిచేసిన ఫ్రాన్సిస్ జేవియరు 1544 జూను మాసమున వ్రాసిన లేఖలలో 'బడగలు' అను పేరు మాటిమాటికి వచ్చును. బడగలనగా వడుగులు. వడుగులనగా, తమిళులు మనలను నేటికిని పిలుచు పేరు. విజయనగరమునకును మదురకును చెందిన తెలుగు సేనలు పన్నులకై తీరముమీద పడినపుడు కన్యాకుమారివద్ద పరవరులు ఇండ్లు విడిచి, ఆడువారితో, బిడ్డలతో సముద్రములోని రాళ్ళమీదికి ఎక్కి దాగుకొనిరి. తిండి లేదు, మంచినీరు లేదు. కొందఱు అచ్చటనే చచ్చిరి. జేవియరు ఇరువది తోణులలో ఆహారము వేసికొని బయలుదేరగా ఎదురుగాలి చేత చేరలేకపోయెను. వారికొఱకు ఏ కానుగ చెట్టును వంగలేదు.

ఇది పాదరి లేఖ, పక్షపాతము కొంత యుండవచ్చును. కాని మనవారి కత్తికి భయపడి జనులు పరుగెత్తినారనుట నిజము. 1553లో పున్నకాయలు పోర్చుగీసువారి చేతినుండి జారిన పోరాటమున మలబారు ముస్లిం నావికులు సముద్రముమీదను, వడుగుల సేనలు నేలమీదను ఒకే పక్షమున నుండిరి. అవ్వ కథలో వలె ఏటి కొకవైపు మనము, ఒకవైపు తురకలు అని గీత గీయుటకు చరిత్ర ఒప్పుకొనదు. ఎవరు ఏ గట్టున నుండిరో ఆ యా యేటి లెక్క.

ఇక కాయల్పట్టణము. పేరునకు తగినట్లు పట్టణమే, పురపాలక సంఘము కలది. కాని వీధులలో నడచిన పల్లెవలె నిశ్శబ్దముగా నుండును. ఇండ్ల నడుమ స్త్రీలు ఎవరి కంటను పడకుండ పోవుటకు సన్నని సందులు వేరుగా కలవు. మసీదులు అనేకము. మా మిత్రులు మమ్ము గుమ్మమునందే ఎదుర్కొని, మగవారిని ముందరి సావడిలో కూర్చుండబెట్టి, స్త్రీలను పిల్లలను లోపలికి తీసికొనిపోయిరి. శాకాహారుల కొఱకు వేరు పాత్రలు కొని వంట చేయించిరని తరువాత తెలిసినది. ఆ సంగతిని వారు చెప్పలేదు. కొత్త పాత్రల అంగడి చీటీ అడుగున అంటుకొనియుండగా మా యిల్లాలు చూచినది.

లోపల జరిగిన సంభాషణను ఆమెయే మాకు చెప్పినది. ఆ యూరిలో ఇల్లు కూతునకు ఇత్తురు. పెండ్లియైన పిమ్మట భర్తయే భార్య యింటికి వచ్చును. తండ్రి నలుగురు కూతుండ్రను కన్నచో నాలుగిండ్ల మాట తలపెట్టవలెను. ఇది విని అవ్వ ఆశ్చర్యముతో, "ఏమే, ఊరంతా ఇల్లరికమేనా!" అనినది. ఆ మాట తమిళమున చెప్పగా లోపలి స్త్రీలందఱు పకపక నవ్విరి. ఆ తరువాత బిగువు లేకపోయినది.

ఇంటి పెద్దామె, మీరు మీలో మాటలాడుకొను భాష ఏది యని అడిగినది. తెలుగనిరి. ఎన్ని తలములనుండి ఈ సీమలో నున్నారనినది. నాలుగైదు వందల యేండ్లని అవ్వ చెప్పినది. "ఇన్నాళ్ళు ఎట్లు నిలుపుకొన్నారు?" అని ఆమె అడిగి, లేచి, బీరువాలోనుండి గుడ్డలో చుట్టిన పుస్తకమొకటి తెచ్చి చూపినది. అక్షరములు అరబ్బీ. చదివినచో తమిళము. దానిని అరబుత్తమిళమందురు. తమిళమునకు కావలసిన ధ్వనులకై అరబ్బీ అక్షరములకు చుక్కలు, గీతలు చేర్చి వారి పెద్దలు కల్పించుకొన్న లిపి అది. ఈ పట్టణమున పుట్టి కీళక్కరైలో స్థిరపడిన ఆలిములు 19వ శతాబ్దము చివఱవరకు ఆ లిపిలో ధర్మశాస్త్రమును, వైద్యమును, స్త్రీలకు చెప్పవలసిన మాటలను వ్రాసిరి. ఆ యింటి పెద్దామె అమ్మమ్మ దానిని తడబాటు లేక చదివెడిదట. ఆమె తల్లి కూడబలికెడిదట. ఆమెకు అక్షరములు తెలియునుగాని వాక్యము సాగదు. ఆమె కూతురు పుస్తకమును గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టును.

అవ్వ ఆ పుస్తకమును రెండు చేతులతో అందుకొని కన్నుల కద్దుకొని, "మాకు మాట ఉండాది, అక్షరం లేదు" అనినది. మా యిల్లాలు ఈ మాట చెప్పినపుడు మేమేమియు అనలేకపోతిమి. మనలో ఎంతమందిమి తెలుగు చదువగలము? ఈ ప్రసంగమును తెలుగక్షరములలో చదువగలవారు ఈ సభలో సగము మందియైనను ఉందురా? 2006నాటి చట్టముతో బడులయందు తమిళము తప్పనిసరి యగుటకు ముందేమి మనము మన పిల్లలకు తెలుగక్షరములు దిద్దించితిమా? ఆ చట్టమును గూర్చి మన సంఘము వారు చేయు విన్నపములు చేయవలసినవే. కాని ఇంటిలో పలక పట్టించుటకు ఏ చట్టమును అడ్డు కాదు. ఈ మాటతో ఎవరికైనను కష్టము కలిగినచో క్షమింతురుగాక, మా యింటి ముగ్గురు పిల్లలలో ఒకరికే తెలుగు చదువ వచ్చును.

తిరుగుప్రయాణమున ఎట్టయపురమున ఆగితిమి. ఎట్టయపురము పాలెగాండ్రు రాజకంబళము వారు, ఇంటిభాష తెలుగు. అచ్చట ఒక ముస్లిం కవి సమాధి కలదు. ఉమరుప్పులవరు 1642లో మన దాపుననే నాగలాపురమున జన్మించెనని చెప్పుదురు. తండ్రి అత్తరుల వర్తకుడు. ఎట్టయపురము ఆస్థానకవి కడిగై ముత్తుప్పులవరు వద్ద చదివి, ఆ ఆస్థానముననే కవియై, కీళక్కరై వర్తకుడు సీతక్కాది ప్రోత్సాహమున ముహమ్మదు ప్రవక్త చరిత్రమును 'సీఱాప్పురాణము' అను పేర 5,027 పద్యములలో తమిళమున రచించెను. సీతక్కాది నడుమనే కాలము చేయగా పరంగిప్పేట వర్తకుడు అబుల్ ఖాసిం మరక్కాయరు కావ్యమును కొనసాగించుటకు తోడ్పడెను. అది అచ్చుపడినది 1842లో. అందులో అరబ్బు దేశము వర్ణింపబడినపుడు వానలు కురియును, చెఱువులు నిండును, వరి పండును. ఎడారిని చూడని కవి తామ్రపర్ణి సీమనే అరబ్బు దేశముగా చేసెను. తురకలకు వెఱచి ఏఱు దాటి వచ్చితిమని చెప్పుకొను వంశపు ప్రభువు, తన కొలువులో ప్రవక్త చరిత్ర వ్రాయు కవికి పీఠము వేసెను. 1703లో కవి మరణించినపుడు తన యూరిలోనే సమాధికి చోటిచ్చెను.

మేము చేరుసరికి చీకటి పడుచుండెను. అవ్వకు మోకాళ్ళ నొప్పి, వ్యాను దిగలేదు. చిన్నపిల్ల దిగి, చెప్పులు విడిచి, లోపలికి పోయి చూచి వచ్చి, "అవ్వా, ఈయన మన రాజు దగ్గర ఉన్నాడంట" అని చెప్పినది. "అట్లనా" అనినది అవ్వ. కొంతసేపటికి, "అయితే చెట్టు వాళ్ళకూ వంగింటుందేమో" అనినది. నిద్రమత్తులో అన్నదో, ఆలోచించి అన్నదో తెలియదు.

ఇక ఒక విన్నపము. ఆ కానుగ చెట్టు కథను మీ మీ యిండ్లలో ఎట్లు చెప్పుదురో మాకు వ్రాసి పంపగోరుచున్నాము. ఏ నది? మా యింట తుంగభద్ర యందుము, మా మేనమామగారింట కృష్ణ, విరుదునగర్ వారొకరు కావేరి యనిరి. ఏ చెట్టు? తరిమినవారు ఎవరు? దాటిన పిమ్మట మొదట దిగిన యూరేది? ఆడపిల్ల పేరు చెప్పుదురా? అవ్వలు తాతలు చెప్పినది చెప్పినట్లే, ఇంటి మాటలలోనే యుండవలెను; సంస్కరింపవలదు. తెలుగక్షరములు రానివారు తమిళాక్షరములలోనే వ్రాయవచ్చును, మేము మార్చుకొందుము. మన వారపత్రికలో ఒక్కొక్కటిగా ప్రకటింతుము. ఎనుబది దాటినవారున్న యిండ్ల వారు ఆలస్యము చేయవలదని ప్రత్యేకముగా ప్రార్థించుచున్నాము.

మొదటి కథ ఇప్పటికే మాకు చేరినది. వ్యానులో వచ్చిన తొమ్మిదేండ్ల పిల్ల నోటుపుస్తకపు కాగితముమీద, తమిళాక్షరములలో తెలుగున అరపుట వ్రాసి యిచ్చినది. అందు నది పేరు తామ్రపర్ణి.